ఉత్తరం అందనివాళ్ళు చెయ్యెత్తండి

ముప్పై ఏళ్ళకు పైగా బళ్ళో పాఠాలు చెప్పాను. మొదటి నాలుగేళ్ళు తీసేస్తే, జవాబు తెలిసినవాళ్ళు చెయ్యెత్తండి అని పిల్లల్ని ఒక్కసారి కూడా అడగలేదు. తెలిసినవాళ్ళు లేచి నిలబడండి అనేదాన్ని. తనిఖీకి వచ్చినవాళ్ళు, ఇదేమిటమ్మా, క్లాసంతా లేస్తూ కూర్చుంటూ ఉంటే గోలగా ఉండదా అనేవారు. గోలే నయమండీ అనేదాన్ని. ఎందుకు నయమో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను. తలుచుకుంటే ఈ వయసులో కూడా అరికాలి మంట నెత్తికెక్కుతుంది కాబట్టి, ఎక్కడైనా మాట తూలితే చదివేవాళ్ళు సర్దుకోవాలి.

డెబ్భైల్లో సంగతి. కాట్రేనికోనలో బస్సు దిగి, ఏటి పాయ పడవలో దాటి, ఇసుకలో మైలున్నర నడిస్తే నా బడి. వేటకి వెళ్ళేవాళ్ళ పేట అది. తాటాకు పాక, నల్లబల్ల, నేను. మా ఆయన కువైత్‌లో వెల్డింగు పనికి వెళ్ళి ఏడాది దాటింది. మాకొక ఆడపిల్ల, అప్పటికి రెండున్నరేళ్ళు. నాతోపాటే పేటలో ఉండేది. అక్కడ ఏ నుయ్యి తవ్వినా ఉప్పు నీళ్ళే. పిల్లకి విరేచనాలు పట్టుకుని రెండుసార్లు చావు తప్పింది. రెండోసారి అమలాపురం డాక్టరుగారు దాని చర్మం పట్టి లాగి చూసి, "ఈ నీళ్ళు పిల్లకి పడవమ్మా. మళ్ళీ తీసుకెళ్ళావంటే నా దగ్గరికి తీసుకురాకు" అన్నారు. దాంతో పిల్లని కొత్తపేట దగ్గర మా అమ్మ ఇంట్లో వదిలేశాను.

ఉద్యోగం మానెయ్యకపోయావా అని అడిగేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉంటారు. మా నాన్న పోయాక మా అమ్మ కొబ్బరి పీచు నానబెట్టి, కొట్టి, తాడు పేని నన్ను ట్రైనింగు చదివించింది. ఆవిడ అరచేతులు చూస్తే మానేస్తానన్న మాట నా నోటికి రాదు. నెలకి రెండు ఆదివారాలు వెళ్ళేదాన్ని. పొద్దున్న వెళ్ళి, ఆఖరి పడవ అందుకోవాలి కాబట్టి మధ్యాహ్నం అన్నం తినగానే బయల్దేరేదాన్ని. నేను చెయ్యి కడుక్కోవడం చూడగానే పిల్ల ఏడుపు మొదలుపెట్టేది. ఆ ఏడుపు బస్సెక్కాక కూడా చెవిలోంచి పోయేది కాదు.

అలా ఉండగా మా అమ్మ ఊరికి రెండు మైళ్ళ దూరంలో ఉన్న బళ్ళో ఒక పంతులుగారు రిటైరవుతున్నారని తెలిసింది. ఆ ఖాళీ నాకొస్తే పిల్ల నా దగ్గరుంటుంది. నాకు కావలసింది అంతే. ప్రమోషను కాదు, పట్నం కాదు. రెండు మైళ్ళు నడిచి బడికెళ్ళి, సాయంత్రం వచ్చి నా పిల్లకి నేను అన్నం పెట్టుకోవడం.

ఆ రోజుల్లో బదిలీ అంటే దరఖాస్తు పెడితే వచ్చేది కాదు. దరఖాస్తు వెనక ఒక ఉత్తరం ఉండాలి. మా వైపు ఉత్తరమంటే పార్లమెంటు మెంబరుగారి ఉత్తరమే. ఆయన పేరు చెప్పను. మనవలున్నారు, వాళ్ళు నన్నేం చేశారు పాపం. ఢిల్లీలో ఉండగా మన ఊసే ఎత్తడు గాని, ఇంటికొస్తే మాత్రం అరుగు మీద కూర్చుని అడిగినవాళ్ళకి అడిగినట్టు ఉత్తరాలిస్తాడని పేరు. దేశమంతా ఏలుతున్న పార్టీ ఆయనది. ఆ పార్టీ పేరున్న లెటర్‌ప్యాడ్ మీద నాలుగు ముక్కలు గీకిస్తే ఆఫీసుల్లో కుర్చీలు లేచి నిలబడేవి.

రెండుసార్లు వెళ్ళాను, ఆయన దొరకలేదు. మూడోసారి వెళితే పీఏ గారు నా కాగితం తీసుకుని, "వచ్చే గురువారం తప్పకుండా రండమ్మా. అయ్యగారు అందరికీ ఒకేసారి ఇచ్చేస్తానన్నారు. తప్పకుండా రండేం" అన్నాడు. తప్పకుండా అని రెండుసార్లు అన్నాడు. ఎంత శ్రద్ధ అనుకున్నాను నేను. బుర్ర ఉన్నదాన్నయితే అప్పుడే అనుమానం రావాలి, ఉత్తరం ఇచ్చేవాడికి తీసుకునేవాళ్ళకి లేని తొందరేమిటని.

గురువారం సెలవు పెట్టి వెళ్ళాను. ఇంటి ముందు కొబ్బరి తోటలో షామియానా వేసి ఉంది. కుర్చీలు, మైకు, గెలలకి గెలలు దింపిన బొండాలు. రాజోలు వైపు నుంచి, ఐ.పోలవరం నుంచి, రావులపాలెం నుంచి జనం. అందరి చేతుల్లోనూ కాగితాలు. నా పక్కన ఒక ముసలాయన కూర్చున్నాడు, ఐ.పోలవరం దగ్గర ఏదో ఊరు. కొడుకు ఉద్యోగం కోసం వచ్చాడట. "ఇదంతా ఏమిటండీ" అని అడిగితే, "ఆయ్, మనకోసమేనండి. ఎండలో నిలబడిపోతామని వేయించేరు" అన్నాడు. నాకు కళ్ళు చెమర్చాయి. నిజం చెబుతున్నాను, ఆ మనిషి మంచితనానికి కళ్ళు చెమర్చాయి. నా కళ్ళకి బుద్ధి లేదు.

ముందు వరసలో కూర్చోమని పీఏ గారే చెప్పాడు. ఆడవాళ్ళు ముందుకి రండమ్మా, ముందుకి రండి అని. పదకొండింటికి ఆయన వచ్చాడు. తెల్లటి పంచె, భుజం మీద కండువా లేదు. ఎప్పుడూ ఉండే ఆ పార్టీ కండువా లేదన్న సంగతి నాకు తర్వాత తట్టింది. మైకు పట్టుకుని నమస్కారాలు పెట్టి, మొదలుపెట్టాడు.

"ఇరవై ఏళ్ళు మోసేను ఆ జెండా. కోనసీమకి రైలు ఇవ్వండయ్యా అంటే నవ్వేరు. నా జనాన్ని చూసి నవ్వినవాళ్ళ దగ్గర నేనుండలేను. పొద్దున్నే పార్టీకి రాజీనామా పంపించేసేను. ఇవాళ్టి నుంచి నేను ఏ పార్టీ మనిషినీ కాను. పార్లమెంటులో స్వతంత్రుడిగా కూర్చుంటాను. మీ మనిషిని."

వెనక నలుగురైదుగురు, వాళ్ళ మనుషులే, చప్పట్లు కొట్టారు. మిగతా జనం చేతుల్లో కాగితాలు పట్టుకుని ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. రైలు మంచిదే, కాదనేదెవరు. ఇందాకటి ముసలాయనే వెనక నుంచి లేచి, "మరి మా ఉత్తరాలో, బాబూ" అన్నాడు. అక్కడక్కడా గొణుగుళ్ళు లేచాయి. కొందరు కుర్చీలు జరిపి నిలబడ్డారు.

అప్పుడు పీఏ గారు మైకు అందుకున్నాడు. "కంగారు పడకండి, అందరికీ ఇస్తారు. ఉత్తరం అందనివాళ్ళు చెయ్యెత్తండి."

అందినవాడు ఒక్కడుంటే కదా. షామియానా మొత్తం చేతులెత్తింది. నేను పొట్టిదాన్ని, లెక్కలో పోతానేమోనని మునివేళ్ళ మీద లేచి, చెయ్యి చెవికి తగిలేట్టు నిటారుగా ఎత్తాను. ఎదురుగా స్టూలు మీద ఒకడు కెమెరా పట్టుకుని నిలబడ్డాడు. "ఇంకా పైకండి, వెనకాలవాళ్ళు కూడా" అన్నాడు పీఏ. ఇంకా పైకి ఎత్తాను. ఫ్లాష్ వెలిగింది. ఆయన అందరికీ చేతులు జోడించి కారెక్కి వెళ్ళిపోయాడు. కొత్త లెటర్‌ప్యాడ్లు అచ్చుకిచ్చాం, వచ్చే వారం రండి అన్నాడు పీఏ. బొండాం తాగి వెళ్ళమని కూడా అన్నాడు.

రెండో రోజు పడవ దిగుతుంటే పడవాయన, "పంతులమ్మగారూ, పేపర్లో పడ్డారండి" అని సంబరంగా చూపించాడు. ముందు పేజీలో ఇంత ఫోటో. మొదటి వరసలో నేను, చెయ్యెత్తి, నోరు కొంచెం తెరిచి. రాజీనామాకు చేతులెత్తి మద్దతు పలుకుతున్న జనం అని కింద రాశారు. పడవాయన ఆ పేపరు నాకే ఇచ్చేశాడు. ఇసుకలో నడుస్తూ దాన్ని నాలుగుసార్లు చదివాను. అప్పటికి అర్థమైంది షామియానా ఎవరికోసం వేశారో.

పార్టీ ఆయనది. ఉంటాడో పోతాడో ఆయనిష్టం. నిజంగా రైలు కోసమే మానేశాడేమో కూడా, నేను కాదనను; ఆయన మనసులో దూరి చూడలేదు. కాని నా చెయ్యి నాది కదా. దాన్ని ఎత్తమని ఒక మాట చెప్పి, ఎత్తాక ఇంకో మాటకి వాడుకోవడమేమిటి? అడిగితే నిజంగానే ఎత్తేదాన్నేమో. అడగలేదు. అదీ నా కడుపుమంట.

పది రోజులకి మెమో వచ్చింది. ప్రభుత్వ జీతం తీసుకుంటూ రాజకీయ సభకి వెళ్ళి, చెయ్యెత్తి మద్దతు తెలిపినందుకు ఎందుకు చర్య తీసుకోకూడదో వారంలోగా సంజాయిషీ ఇవ్వాలని. ఆఫీసుల్లో ఉన్నదంతా ఆయన వదిలేసిన పార్టీవాళ్ళే. ఆయన్ని ఏమీ చెయ్యలేరు, ఆయన పార్లమెంటు మెంబరు. ఫోటోలో మొహం తెలిసినవాళ్ళని పట్టుకున్నారు. పంచె కట్టిన రైతుని ఏం చేస్తారు? పంతులమ్మ దొరికింది.

మెమో పట్టుకుని ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ గుమాస్తా మంచివాడే, నెమ్మదిగా మాట్లాడతాడు. "సభ అని తెలియదండీ. బదిలీకి సిఫార్సు ఉత్తరం ఇస్తారంటే వెళ్ళాను. అందనివాళ్ళు చెయ్యెత్తమంటే ఎత్తాను. అదే రాసిస్తాను" అన్నాను.

ఆయన కలం పక్కన పెట్టాడు. "అది మాత్రం రాయకండమ్మా. బదిలీకి రాజకీయ నాయకుల చేత చెప్పించుకోవడం కూడా తప్పేనండి. దానికీ వేరే రూలుంది."

"మరి అందరూ చేసేది అదేగా?"

"ఆయ్, అందరూ చేస్తారండి. ఎవరూ రాయరు."

సభకి వెళ్ళానంటే ఒక తప్పు. ఉత్తరానికి వెళ్ళానంటే ఇంకో తప్పు. వెళ్ళలేదని బుకాయిద్దామంటే ముందు పేజీలో నిలబడి ఉన్నాను, మునివేళ్ళ మీద. నాకు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. గుమాస్తా మంచినీళ్ళు తెప్పించి, "వారినే అడగండమ్మా. ఆ రోజు వచ్చినవాళ్ళు సొంత పనుల మీద వచ్చేరు, రాజీనామా సంగతి వాళ్ళకి తెలియదని వారొక్క ముక్క పేపరుకి చెబితే మీరు బయటపడతారు" అన్నాడు.

అటునుంచి అటే ఆయన ఇంటికి వెళ్ళాను. షామియానా లేదు, జనమూ లేరు. అరుగు మీద ఒక్కడే పడక్కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చెప్పాల్సిందంతా చెప్పాను. పిల్ల సంగతి, నీళ్ళ సంగతి, మెమో సంగతి. ఆయన శ్రద్ధగా విన్నాడు. అది మాత్రం ఒప్పుకోవాలి, మధ్యలో అడ్డు రాలేదు.

"ఇప్పుడు నా ఉత్తరం నీకెందుకమ్మా. ఇస్తే నీకే చెరుపు" అన్నాడు.

"ఉత్తరం అడగటం లేదండి. ఆ రోజు మేం ఎందుకు చెయ్యెత్తేమో ఆ ఒక్క మాట చెప్పండి చాలు."

పడక్కుర్చీలోంచి ముందుకి వంగాడు. తర్వాత అన్నాడు, "ఆ ఫోటో ఢిల్లీలో కూడా వేసేరమ్మా. ఆ చేతులే ఇప్పుడు నాకున్న బలం. అవి ఉత్తరాల కోసం లేచేయని నా నోటితో నేనే చెబితే నాకింకేం మిగులుతుంది?"

ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో సిగ్గు కనిపించింది. సిగ్గుంటే నాకేం ఒరిగింది? "మీకు మిగలాలని మా పిల్లకి నేను లేకుండా పోవాలాండీ" అన్నాను. "అంత మాట అనకమ్మా" అని లోపలికి చూసి, నాకు కాఫీ తెమ్మని కేకేశాడు. కాఫీ వచ్చేదాకా నేను ఉండలేదు.

సంజాయిషీలో ఏం రాసినా ఒకటే కాబట్టి, క్షమించమని రాశాను. చెయ్యని తప్పుకి క్షమించమని రాసేటప్పుడు కాగితం చిరిగేట్టు కలం నొక్కాను. ఉద్యోగం ఉంచారు. మూడేళ్ళ దాకా బదిలీ అడగడానికి వీల్లేదని ఆర్డరు వేశారు. కొత్తపేట వైపు ఖాళీ వేరే ఎవరికో ఇచ్చేశారు. వాళ్ళ వెనక ఎవరి ఉత్తరం ఉందో నేను కనుక్కోలేదు.

మరుసటి ఆదివారం మా అమ్మ ఇంటికి వెళ్ళేసరికి, వంటింటి బీరువా తలుపు మీద, పిల్ల తలెత్తితే కనబడేట్టు, ఆ ఫోటో అంటించి ఉంది. అన్నం మెతుకులతో అంటించింది మా అమ్మ. పేపరు చుట్టుపక్కల కత్తిరించేసి, నా వరకే ఉంచింది. నాకు ఒళ్ళు తెలియలేదు. గోటితో గీకి పీకెయ్యబోయాను.

"ఉండనియ్యవే. అది తిండి తినేటప్పుడు చూసుకుంటోంది" అంది అమ్మ.

"ఇది నా కొంప ముంచిన ఫోటో అమ్మా."

"నీ ఫోటో ఇంకోటి ఎక్కడుంది?"

నిజమే, లేదు. పెళ్ళిలో తీసినదొక్కటి మా ఆయన పెట్టెలో కువైత్ పోయింది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. పిల్ల వచ్చి ఫోటోకి, నాకూ మధ్య నిలబడింది.

మూడేళ్ళు. రాస్తే మూడక్షరాలే. ఆ మూడేళ్ళలో పిల్ల నేను చెయ్యి కడుక్కుంటే ఏడవడం మానేసింది. మొదటిసారి ఏడవనప్పుడు, ఇవాళ బాగుంది అనుకున్నాను. తర్వాత్తర్వాత నేను వెళుతుంటే ఆటలోంచి తలెత్తేది కాదు. మా అమ్మని అమ్మా అని, నన్ను నువ్వూ అని పిలిచేది. బస్సులో కూర్చుని ఆ మెంబరుగారిని నోటికొచ్చినట్టు తిట్టుకునేదాన్ని. పక్కవాళ్ళు చూసేవారు. చూడనీ అనుకునేదాన్ని.

ఆయనేమో ఒంటరిగా ఉండలేక, మూడో ఏడు తిరక్కుండానే పాత కండువా మళ్ళీ వేసుకున్నాడు. దండలు వేసి తీసుకున్నారట. ఆయన్ని సంజాయిషీ ఎవరూ అడగలేదు. నాకు గడువు తీరింది, దరఖాస్తు పెట్టాను, ఎవరి ఉత్తరమూ లేకుండానే బదిలీ వచ్చింది. అమ్మ ఊరికి దగ్గర బడి కాదు గాని, మంచి నీళ్ళున్న ఊరు. పిల్లని తీసుకొచ్చి నా బళ్ళోనే ఒకటో తరగతిలో వేశాను. వచ్చేటప్పుడు అది బీరువా తలుపు వదల్లేదు. మా అమ్మ ఫోటో నెమ్మదిగా తడిపి ఊడదీసి, పలక సంచీలో పెట్టి ఇచ్చింది.

ఆ ఏడే మా బళ్ళో కొత్త గది తెరవడానికి ఆయన వచ్చాడు. షామియానా, మైకు, బొండాలు. పిల్లలు నేల మీద వరసగా కూర్చున్నారు, టీచర్లం పక్కన బెంచీ మీద. ఆయన కండువా సర్దుకుని, "కోనసీమకి రైలు కావాలా, వద్దా? కావాలన్నవాళ్ళు చెయ్యెత్తండి" అన్నాడు.

జనమంతా ఎత్తారు. హెడ్మాస్టరుగారు ఎత్తారు. నేను రెండు చేతులూ ఒళ్ళో బిగించి పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు పిల్లల వరసల్లో చూశాను. మా పిల్ల మునివేళ్ళ మీద నిలబడి, చెయ్యి చెవికి తగిలేట్టు నిటారుగా ఎత్తింది. అచ్చం ఆ ఫోటోలోలాగే. పక్కన ఒకడు కెమెరా ఎత్తుతున్నాడు.

ఎలా లేచానో తెలియదు. అందరి ముందునుంచీ నడిచి వెళ్ళి, పిల్ల చెయ్యి పట్టుకుని కిందికి లాగేశాను. పిల్ల బెదిరిపోయింది. జనం గుడ్లప్పగించి చూశారు.

"ఏం పంతులమ్మగారూ, మీకు రైలొద్దాండీ?" అన్నాడు ఆయన మైకులో, నవ్వుతూ. నన్ను గుర్తుపట్టలేదు.

"వెనకటికి మీ ఇంటి దగ్గర, ఉత్తరం అందనివాళ్ళు చెయ్యెత్తమన్నారండి. ఎత్తేను. నాది ఇప్పటికీ అందలేదండి" అన్నాను.

జనంలో కొందరు నవ్వారు. ఆయన నవ్వు మాత్రం ఆగిపోయింది. హెడ్మాస్టరుగారు నా వైపు చేతులు జోడించి, కూర్చోమని బతిమాలారు. నేను కూర్చోలేదు. పిల్లని తీసుకుని, ఇంకొక మెమో వస్తే రానీ అనుకుంటూ ఇంటికి వచ్చేశాను. ఆ మెమో రాలేదు. ఎందుకు రాలేదో ఆయనకే తెలియాలి.

దారంతా పిల్ల నాకు రెండడుగులు వెనకే నడిచింది. ఇంటికొచ్చి కాళ్ళు కడుగుతుంటే మణికట్టు రుద్దుకుంటూ, "నా చెయ్యెందుకు దించేసేవు? ఫోటోలో నువ్వెత్తేవుగా" అంది.

"అది వేరేనే" అన్నాను.

"అమ్మమ్మ చెప్పింది. నువ్వు నన్ను రమ్మని పిలుస్తున్నావంట. నేను రోజూ వస్తానని చెప్పేదాన్ని. పీటెక్కి నీ చెవిలో కూడా చెప్పేను. నువ్వు పిలుస్తూనే ఉండేదానివి, తీసుకెళ్ళేదానివి కాదు."

మా అమ్మని అమ్మమ్మ అనడం ఆ రోజే మొదలుపెట్టిందని తర్వాత గమనించాను. అప్పుడు మాత్రం దాని పాదాలు తుడవడం పూర్తి చేసి, ఆ చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎర్రగా కందిపోయి ఉంది.